అరువు గొంతు, సొంత నవ్వు: ‘పక్కింటి అమ్మాయి’ కథాచిత్రాలలో గాయక నటుడు

వ్యాససంగ్రహం

నేపథ్య గానం స్థిరపడిన తరువాత భారతీయ చలనచిత్రంలో పాడేవారు వేరు, పాడినట్లు కనిపించేవారు వేరు అయ్యారు. అయినా ప్రసిద్ధ గాయకులు స్వయంగా వేషం కట్టిన సరదా సంగీతచిత్రాలు ఆ తరువాత కూడా వచ్చాయి, ఆదరణ పొందాయి. పాటలు బాగుండటమే ఈ ఆదరణకు కారణమనే అభిప్రాయం సమగ్రం కాదు. 1952లో వంగభాషలో మొదలై తెలుగు, తమిళ, హిందీ భాషలలో చిత్రాలుగా రూపొంది, 1981లో మళ్లీ తెలుగుకు వచ్చిన ‘పక్కింటి అమ్మాయి’ కథ ఆధారంగా ఈ ఆకర్షణ మూలాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నేపథ్య గానమనే బహిరంగ రహస్యాన్ని ఆటగా మార్చి ప్రేక్షకుణ్ణి అందులో భాగస్వామిని చేయడమే ఈ చిత్రాల అసలు బలమని, ఆ ఆటలో గాయకుడికి లభించిన స్థానం మాత్రం పరిమితమైనదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నేపథ్య గానం, గాయక నటుడు, హాస్యచిత్రం, ఎ.ఎం. రాజా, కిశోర్ కుమార్, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, భానుమతి

1. సమస్య స్వరూపం

తెలుగు సినిమా పాటపై జరిగిన పరిశోధనలో సాహిత్యానిదే సింహభాగం. కవి ఎవరు, ఛందస్సు ఏమిటి, భావం ఏమిటి అన్న ప్రశ్నల తరువాత రాగతాళాల ప్రస్తావన వస్తుంది. పాడిన గొంతుకు, తెరపై పెదవులు కదిపిన దేహానికి ఉన్న సంబంధం మాత్రం అరుదుగా చర్చకు వస్తుంది. ఇక సరదా చిత్రాల మాట చెప్పనక్కరలేదు. పౌరాణికాలకు, సాంఘిక సమస్యాచిత్రాలకు దక్కిన గౌరవం ‘కాలక్షేపం’ చిత్రాలకు దక్కలేదు. గాయకుడు నటించిన హాస్యచిత్రాన్ని ఆ గాయకుడి జీవితచరిత్రలో ఒక చిన్న ముచ్చటగా చెప్పి వదిలివేయడం పరిపాటి.

ప్రేక్షకులు వీటిని ఇష్టపడటానికి సాధారణంగా చెప్పే కారణం పాటలు. ఈ సమాధానంలో ఒక చిక్కు ఉంది. పాట వినడానికే అయితే గ్రామఫోను రికార్డు ఉంది, సిలోను రేడియో ఉంది, 1957 తరువాత వివిధభారతి ఉంది. అదే గాయకుడి పాటలు పెద్ద నటుల చిత్రాలలోనూ వినిపిస్తూనే ఉన్నాయి. నటనలో ఆ నటులతో పోటీపడలేని గాయకుణ్ణి తెరపై చూడటంలో ప్రత్యేకంగా లభించిన ఆనందం ఏమిటి? ఆ ఆనందం కరుణరసచిత్రంలో కాక తేలికపాటి హాస్యచిత్రంలోనే ఎందుకు కుదిరింది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం నేపథ్య గాన చరిత్రలో వెతకాలి.

2. పాట, వేషం కలిసి ఉన్న కాలం, విడిపోయిన కాలం

తెలుగువారి ప్రదర్శన సంప్రదాయంలో గొంతుకు, దేహానికి ఉన్న సంబంధం ఒకే విధంగా లేదు. హరికథకుడు తానే పాడతాడు, తానే ఆడతాడు, తానే అభినయిస్తాడు. తోలుబొమ్మలాటలో పాట తెర వెనుక నుంచి వస్తుంది. బొమ్మ కదులుతుంది, ఆడించేవాడు పాడతాడు. ఆ పాట బొమ్మ గొంతులోంచి రావడం లేదని చూసేవారందరికీ తెలుసు. ఆ ఎరుక రసానుభవానికి అడ్డు రాదు. కనుక తెర వెనుక పాట అనే భావన సినిమాతో కొత్తగా పుట్టినది కాదు. బొమ్మల స్థానంలో మనుషులు నిలవడం మాత్రమే కొత్త.

పద్యనాటకం దీనికి భిన్నమైనది. అక్కడ పాడలేనివాడు నటుడు కాలేడు. పద్యం రక్తికడితే ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసి, కథను ఆపి, మళ్లీ పాడించుకున్న ప్రేక్షకులు వారు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ మొదలైనప్పుడు నాటకరంగపు ఈ నియమమే తెరకెక్కింది. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, చిత్తూరు నాగయ్య, ఎస్. వరలక్ష్మి, టంగుటూరి సూర్యకుమారి వంటివారు తమ పాట తామే పాడుకున్న నటులు. ‘పోతన’ (1942), ‘త్యాగయ్య’ (1946) చిత్రాలలో నాగయ్య గానాన్ని నటన నుంచి విడదీసి చూడటం సాధ్యం కాదు.

1935లో కలకత్తా న్యూ థియేటర్స్ సంస్థ నితిన్ బోస్ దర్శకత్వంలో తీసిన ‘భాగ్యచక్ర’, దాని హిందీ రూపం ‘ధూప్ ఛావోఁ’లతో భారతీయ చిత్రాలలో నేపథ్య గానం ప్రవేశించింది. తెలుగులో తొలి నేపథ్య గాయకుడిగా ‘తహసిల్దార్’ (1944)లో పాడిన ఎం.ఎస్. రామారావును పేర్కొంటారు. 1945లో బి.ఎన్. రెడ్డి ‘స్వర్గసీమ’తో ఘంటసాల వెంకటేశ్వరరావు గొంతు నేపథ్యం నుంచి వినిపించింది. 1950 దశకం మొదలయ్యేసరికి ఈ పద్ధతి నియమంగా మారింది. అందమైన ముఖం ఒకరిది, అందమైన గొంతు మరొకరిది. ఈ రెండింటినీ కలిపి ఒకే మనిషిగా భావించడానికి ప్రేక్షకుడు మౌనంగా అంగీకరించాడు.

తొలినాళ్లలో ఈ అంగీకారం గాయకుల పేరును మింగివేసింది కూడా. హిందీ చిత్రం ‘మహల్’ (1949)లోని ప్రసిద్ధ గీతం రికార్డుపై లతా మంగేష్కర్ పేరుకు బదులు ‘కామిని’ అన్న పాత్ర పేరు ముద్రించారు. పాడిన మనిషి పేరు కనిపించకపోతేనే కల్పన నిలుస్తుందన్న నమ్మకం దీనికి మూలం. ఆ నమ్మకం ఎక్కువకాలం నిలవలేదు. 1950లు గడుస్తున్నకొద్దీ గాయకుల పేర్లు ఇంటింటా తెలిసిన పేర్లయ్యాయి. అప్పుడొక విచిత్ర పరిస్థితి ఏర్పడింది. గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. తెలియనట్టు సినిమా నడుస్తుంది. ఈ బహిరంగ రహస్యాన్నే కథావస్తువుగా తీసుకున్న చిత్రం ‘పక్కింటి అమ్మాయి’.

3. గొంతు అరువు తీసుకోని నటి

ఆ చిత్రాన్ని పరిశీలించే ముందు, విభజన నియమాన్ని ఒప్పుకోని ఒక ప్రతిభను తలచుకోవాలి. సి. పుల్లయ్య దర్శకత్వంలో ‘వరవిక్రయం’ (1939)తో తెరకు వచ్చిన పి. భానుమతి నేపథ్య గానం స్థిరపడిన తరువాత కూడా తన పాట తానే పాడారు. భర్త పి.ఎస్. రామకృష్ణారావుతో కలిసి నెలకొల్పిన భరణీ సంస్థ ఈ స్వాతంత్ర్యానికి ఆర్థికబలం ఇచ్చింది. ‘చండీరాణి’ (1953)కి ఆమె దర్శకత్వం వహించారు. మరుసటి ఏడు వచ్చిన ‘చక్రపాణి’ (1954)కి రామకృష్ణారావు దర్శకులు కాగా సంగీతం భానుమతిదే.

‘చక్రపాణి’ ఆద్యంతం సరదా చిత్రం. మునిమనుమణ్ణి చూడాలన్న కోరికతో ఆస్తిని ఎరవేసిన పిసినారి తాత. పెళ్లి కాకపోయినా బిడ్డను చూపించవలసిన అవసరంలో పడిన మనుమరాలు. ఆమె భర్తగా నటించడానికి సిద్ధపడిన యువకుడు. తాతగా సి.ఎస్.ఆర్., యువకుడిగా అక్కినేని నాగేశ్వరరావు నటించారు. కథలో బిడ్డ అరువు, భర్త అరువు, సంసారమే అరువు. కథానాయిక పాట ఒక్కటే అరువు కాదు. పాత్ర ఎన్ని అబద్ధాలాడినా పాట మొదలయ్యేసరికి ప్రేక్షకుడు ఒక నిజం ముందు కూర్చుంటాడు. పాడుతున్నది ఆమే, స్వరపరచినదీ ఆమే. అబద్ధాల కథకు ఈ నిజం బరువునిస్తుంది, చమత్కారాన్నీ ఇస్తుంది. భానుమతి నటనలోని నిర్లక్ష్యపు ఠీవికి, మాటవిరుపుకు ఈ స్వరస్వాతంత్ర్యం ఒక ప్రధాన ఆధారమని చెప్పడం అతిశయోక్తి కాదు.

అయితే భానుమతి మార్గం అందరికీ అందుబాటులో లేదు. సొంత సంస్థ, సొంత సంగీతం, సొంత గొంతు, నటిగా ప్రథమశ్రేణి స్థానం ఒక్కరిలో కలవడం అరుదు. నేపథ్యంలో మాత్రమే పేరు పొందిన గాయకుడు తెరపైకి రావాలంటే మరొక దారి కావాలి. ఆ దారి చూపినది హాస్యం.

4. ‘పక్కింటి అమ్మాయి’ (1953)

అరుణ్ చౌధురి రాసిన వంగకథ ఆధారంగా 1952లో సుధీర్ ముఖర్జీ దర్శకత్వంలో ‘పాషేర్ బాడి’ వచ్చింది. పేరుకు పక్కిల్లు అని అర్థం. సలిల్ చౌధురి సంగీతం సమకూర్చిన ఈ చిత్రంలో గాయకుడు ధనంజయ భట్టాచార్య పాడటమే కాక నటించారు కూడా. మరుసటి ఏడే ఈ కథ తెలుగులోకి వచ్చింది. తెచ్చిన దర్శకుడు సి. పుల్లయ్య. కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీకి 1934లోనే ‘లవకుశ’ తీసిన పుల్లయ్యకు వంగదేశపు చిత్రరంగం కొత్త కాదు. పదునాలుగేళ్ల క్రితం సొంత గొంతుతో పాడే భానుమతిని తెరకు పరిచయం చేసిన దర్శకుడే, ఇప్పుడు అరువు గొంతును హాస్యవస్తువుగా తీసుకోవడం తెలుగు చిత్రసంగీతంలో వచ్చిన మార్పుకు చక్కని గుర్తు.

కథ చాలా చిన్నది. ఒక అమాయకుడు పక్కింటి అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమెకు సంగీతమంటే ప్రాణం. అతడికి పాట రాదు. మిత్రుడొకడు చాటున ఉండి పాడతాడు. ఇతడు పెదవులు కదుపుతాడు. అమ్మాయి ఆ పాటకు మనసిస్తుంది. గుట్టు బయటపడేదాకా, పడిన తరువాత సర్దుకునేదాకా కథ నడుస్తుంది. అమాయకుడిగా రేలంగి, పక్కింటి అమ్మాయిగా అంజలీదేవి, పాడే మిత్రుడిగా ఎ.ఎం. రాజా నటించారు.

ఈ పాత్రల కేటాయింపులో రెండు విశేషాలున్నాయి. మొదటిది రేలంగికి సంబంధించినది. రేలంగి పాట రాని నటుడు కాదు. రెండేళ్ల ముందే ‘పాతాళభైరవి’ (1951)లో మహారాజు బావమరిది పాత్రలో తన పాట తానే పాడి జనాన్ని నవ్వించారు. ఆ గొంతు తెలిసిన ప్రేక్షకుల ఎదుట ఆయన పాట రానివాడిగా నిలిచారు. తెలిసినదాన్ని తెలియనట్టు నటించడమే ఇక్కడ హాస్యానికి తొలిమెట్టు.

రెండవది రాజాకు సంబంధించినది. చిత్తూరు జిల్లాలో 1929లో పుట్టిన రాజా, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చదివి, జెమిని వారి ‘సంసారం’ (1951) ద్వారా నేపథ్య గాయకుడైనవారు. ‘పక్కింటి అమ్మాయి’ నాటికి ఆయన వయసు ఇరవై నాలుగు. గాయకుడిగా ఎదుగుతున్న దశ. రెండేళ్ల తరువాత ‘మిస్సమ్మ’ (1955)లో ఎన్.టి. రామారావుకు పాడి, ఆపైన ‘శోభ’ (1958), ‘పెళ్లికానుక’ (1960) చిత్రాలకు సంగీతం సమకూర్చి స్థిరపడిన ప్రతిష్ఠ ఇంకా ముందుంది. ఆ యువగాయకుడు తెరపై చేసిన పని తాను తెర వెనుక నిత్యం చేసే పనే: ఒకరి కోసం పాడటం. నేపథ్య గాయకుణ్ణి నేపథ్య గాయకుడిగానే తెర మీద నిలబెట్టిన కథ ఇది. అందువల్ల అతడికి నటనలో గొప్ప నైపుణ్యం అవసరం లేదు. పాడితే చాలు, ఆ పాట తనదే కనుక నటన సహజమవుతుంది.

మూడవ రూపం తమిళంలో వచ్చింది. అంజలీదేవి, ఆదినారాయణరావు దంపతుల సంస్థ వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో ‘అడుత్త వీట్టుప్పెణ్’ (1960) తీసింది. తెలుగులో పక్కింటి అమ్మాయిగా నటించిన అంజలీదేవే తమిళంలోనూ ఆ పాత్ర ధరించారు. పి.బి. శ్రీనివాస్ పాటలు ఆ చిత్రానికి పేరు తెచ్చాయి. నటి ఒక కథను ఇంతగా గుర్తుంచుకుని సొంత సంస్థలో మళ్లీ నిర్మించడం ఆ కథ ఆకర్షణకు ఒక నిదర్శనం.

5. కిశోర్ కుమార్: గాయకుడు కథను లాక్కున్న వేళ

ఈ కథ హిందీలోకి వెళ్లేనాటికి అక్కడ గాయక నటుడి హాస్యచిత్రం ఒక ప్రత్యేక శాఖగా ఎదిగి ఉంది. దానికి కేంద్రం కిశోర్ కుమార్. ఆయన హాస్యచిత్రాలలో మద్రాసు స్టూడియోల పాత్ర గణనీయం. ఎ.వి.ఎం. వారి ‘లడ్కీ’ (1953), ‘భాయీ భాయీ’ (1956) చిత్రాలలో ఆయన నటించారు. ‘మిస్సమ్మ’ను ఎల్.వి. ప్రసాద్ హిందీలో ‘మిస్ మేరీ’ (1957)గా తీసినప్పుడు తెలుగులో అక్కినేని ధరించిన అపరాధ పరిశోధకుడి పాత్ర కిశోర్‌కు దక్కింది. పాడటం రానందుకు విచారించే హాస్యగీతాన్ని ఆ చిత్రంలో ఆయనతో పాడించారు. దేశమంతటికీ తెలిసిన గాయకుడు పాట రాదని పాడటం! రేలంగి విషయంలో కనిపించిన చమత్కారమే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

‘చల్తీ కా నామ్ గాడీ’ (1958)లో అన్నదమ్ములు ముగ్గురూ అన్నదమ్ములుగానే నటించారు. ‘ఝుమ్రూ’ (1961)కు సంగీతమూ కిశోర్‌దే. ‘హాఫ్ టికెట్’ (1962)లో సలిల్ చౌధురి సంగీతంలో ఒక యుగళగీతంలోని స్త్రీ, పురుష స్వరాలు రెండూ ఆయనే పాడారు. తెరపై స్త్రీవేషంలో కిశోర్, పురుషుడిగా ప్రాణ్ కనిపిస్తారు. పురుషుడి గొంతు కూడా ఆడవేషంలో ఉన్న నటుడిదేనని గుర్తించిన ప్రేక్షకుడికి ఆ నవ్వు రెట్టింపవుతుంది.

ఇదే కాలంలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సంఘటన కూడా జరిగింది. ‘రాగిణి’ (1958), ‘శరారత్’ (1959) చిత్రాలలో కిశోర్ కుమార్ నటించగా ఆయనకు మహమ్మద్ రఫీ నేపథ్య గానం అందించారు. శాస్త్రీయ సంగీతపు బరువున్న పాటకో, విషాదగీతానికో గాయకుడే అయిన నటుడికి మరొక గాయకుడి గొంతు అరువిచ్చారు. హాస్యంలో సొంత గొంతుకు అడ్డులేదు. గాంభీర్యం రాగానే గొంతు మారింది. ‘తేలిక’ అన్న ముద్రలో ఆదరణతో పాటు ఒక పరిమితి కూడా దాగి ఉందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

జ్యోతి స్వరూప్ దర్శకత్వంలో వచ్చిన ‘పడోసన్’ (1968) పక్కింటి కథకు హిందీ రూపం. అమాయకుడు భోలాగా సునీల్ దత్, పక్కింటి అమ్మాయిగా సైరా బాను, చాటున పాడే మిత్రుడిగా కిశోర్ కుమార్, అమ్మాయికి సంగీతం నేర్పే దక్షిణాది గురువుగా మెహమూద్ నటించారు. సంగీతం ఆర్.డి. బర్మన్‌ది. ఎదురెదురు కిటికీల మధ్య జరిగే గాన వివాదం ఈ చిత్రానికి గుండెకాయ. ఒక కిటికీలో గురువు, మరో కిటికీలో భోలా. భోలా వెనుక దాగిన మిత్రుడు.

ఈ దృశ్యాన్ని జాగ్రత్తగా విప్పి చూడాలి. కథ ప్రకారం నిజమైన సంగీతజ్ఞుడు గురువు; మోసగాడు భోలా. కాని గురువుగా నటించిన మెహమూద్ పాడలేదు. ఆ గొంతు మన్నాడేది. అసలైన పాటకుడని కథ చెప్పినవాడు పెదవులు మాత్రమే కదిపాడు. మోసానికి సాయపడిన మిత్రుడు మాత్రం తన గొంతుతోనే పాడాడు. తెర మీద నిజం, తెర వెనుక నిజం తారుమారయ్యాయి. ఇక సునీల్ దత్ చేసిన పని ఏమిటి? కథానాయకుడిగా ప్రతి చిత్రంలోనూ చేసిన పనే: మరొకరి గొంతుకు పెదవులు కదపడం. వేరే చిత్రంలో అది నటన. ఇక్కడ అది మోసం. ఒకే క్రియ సందర్భాన్ని బట్టి కళగానూ కపటంగానూ మారుతుందని ఇంత సులభంగా చెప్పిన చిత్రం మరొకటి కనిపించదు.

దక్షిణాది సంగీతాన్ని, ఉచ్చారణను పరిహాసానికి వాడుకోవడం ‘పడోసన్’లో దాచలేని లోపం. కథ పుట్టింది వంగదేశంలో, పెరిగింది తెలుగు, తమిళ దేశాలలో. హిందీకి చేరేసరికి దక్షిణాది గురువు ఓడిపోయే హాస్యపాత్ర అయ్యాడు. నవ్వు ఎవరితో కలిసి నవ్వేది, ఎవరిని చూసి నవ్వేది అన్న ప్రశ్న సరదా చిత్రాలకూ వర్తిస్తుంది.

6. మళ్లీ తెలుగులోకి (1981)

1981లో కె. వాసు దర్శకత్వంలో ‘పక్కింటి అమ్మాయి’ మరోసారి తెలుగులో వచ్చింది. చంద్రమోహన్, జయసుధ జంటగా నటించగా, పాడే మిత్రుడి పాత్రను ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పోషించారు. చిత్రానికి సంగీతం సమకూర్చిన చక్రవర్తి కూడా తెరపై కనిపించారు. 1953 నాటి రాజా ఎదుగుతున్న గాయకుడైతే, 1981 నాటి బాలసుబ్రహ్మణ్యం శిఖరంపై ఉన్న గాయకుడు. 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో మొదలైన ఆయన ప్రస్థానం ‘శంకరాభరణం’ (1980)తో జాతీయ పురస్కారం దాకా వచ్చింది. ‘సిరిసిరిమువ్వ’ (1976)లో చంద్రమోహన్‌కు పాడినదీ ఆయనే.

అందువల్ల ఈ చిత్రంలో చంద్రమోహన్ వెనుక బాలసుబ్రహ్మణ్యం దాగి పాడటం కల్పన కాదు; అంతకు ముందు నుంచీ జరుగుతున్నదే. కెమెరా కొంచెం పక్కకు జరిగి, ఎప్పుడూ కనిపించని మనిషిని చూపించింది. ‘శంకరాభరణం’లో జె.వి. సోమయాజులు దేహంలో లీనమై, తన ఉనికిని పూర్తిగా మరుగుపరచుకున్న గొంతు, ఏడాది తిరిగేసరికి హాస్యచిత్రంలో బయటికి వచ్చి నవ్వింది. గంభీరచిత్రంలో గాయకుడు మరుగైనంత మేరకు రసం పండుతుంది. సరదా చిత్రంలో గాయకుడు బయటపడినంత మేరకు నవ్వు పండుతుంది.

భక్తిచిత్రంలో గాయకుడు కనిపించిన తీరు దీనికి భిన్నం. ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ (1960)లో ఘంటసాల స్వామి సన్నిధిలో పాడుతూ తెరపై కనిపిస్తారు. ఆయన అక్కడ మరొకరి కోసం పాడటం లేదు. తన భక్తితో తాను పాడుతున్నారు. నేపథ్య గాయకుడికి ముఖాన్ని ఇవ్వడానికి సినిమా కనుగొన్న దారులలో ఇవి రెండు ముఖ్యమైనవి: దైవసన్నిధి, పక్కింటి కిటికీ. ఒకచోట గాయకుడికి నమస్కారం, మరొకచోట స్నేహం దక్కాయి.

7. ఆకర్షణ మూలాలు

పై పరిశీలన ఆధారంగా ఈ చిత్రాల ఆకర్షణను మూడు అంశాలుగా వివరించవచ్చు.

మొదటిది దర్శనం. ఏళ్లుగా వింటున్న గొంతుకు ఒక ముఖం, ఒక నడక, ఒక నవ్వు ఉన్నాయని తెలియడంలో ఆత్మీయత ఉంది. అభిమానించే నటుణ్ణి చూడటం వేరు. నటుణ్ణి మొదటే చూసి అభిమానిస్తారు. గాయకుణ్ణి అభిమానించిన తరువాత చూస్తారు. ప్రేక్షకుడు చిత్రశాలకు వచ్చేసరికే ఆ పరిచయం పాతబడి ఉంటుంది. పరిచయం చేయవలసిన భారం కథకు లేదు కనుక కథ తేలికగా ఉండగలిగింది.

రెండవది జ్ఞానం. పక్కింటి అమ్మాయికి తెలియని సంగతి ప్రేక్షకుడికి తెలుసు. ఇది నాటకాలలో పాత పద్ధతే. ఇక్కడి ప్రత్యేకత ఏమిటంటే, ప్రేక్షకుడి జ్ఞానం కథలో చెప్పినంతే కాదు. కథ బయట రికార్డుల మీద, రేడియోలో సంపాదించిన జ్ఞానం కూడా. మెహమూద్ వెనుక మన్నాడే ఉన్నారని కథ చెప్పదు, శ్రోతకు తెలుసు. మిగతా చిత్రాలు మరచిపొమ్మని కోరిన విషయాన్ని ఈ చిత్రం గుర్తుంచుకోమని కోరుతుంది. శ్రోత చెవికి ఇది ఒక గుర్తింపు.

మూడవది శ్రమ. ఇతర చిత్రాలలో పాట ఎక్కడినుంచో వచ్చి పడుతుంది. ఇక్కడ మిత్రుడు ఊపిరి పట్టాలి, అమాయకుడు సమయానికి నోరు తెరవాలి, ఒకరినొకరు గమనించుకోవాలి, తప్పితే పట్టుబడతారు. రికార్డింగు గదిలో, చిత్రీకరణ స్థలంలో వేర్వేరుగా జరిగే పని ఒకే గదిలో కళ్లముందు జరుగుతుంది. పాట వెనుక ఇద్దరి పని ఉందని నవ్వుతూ తెలుసుకున్న ప్రేక్షకుడికి పాట మీద గౌరవం తగ్గదు.

ఇంతకీ ఇది హాస్యంలోనే ఎందుకు కుదిరింది? హాస్యరసానికి విభావాలు చెప్పినప్పుడు భరతుడు వికృతవేషంతో పాటు పరవేషాన్ని, కుహకాన్ని కూడా పేర్కొన్నాడు. పరుల వేషం ధరించడం నవ్వు పుట్టిస్తుంది. నేపథ్య గానం ఒక విధంగా పరస్వర ధారణ. దాన్ని దాచితే శృంగారమో కరుణమో అవుతుంది, చూపితే హాస్యమవుతుంది. అందుకే గొంతు గుట్టు బయటపెట్టే కథ సహజంగానే హాస్యం వైపు ఒరిగింది.

ఈ లాఘవానికి కథలో మరొక షరతు ఉంది. ఫ్రెంచి నాటకకర్త ఎడ్మండ్ రోస్టాండ్ ‘సిరానో ద బెర్జెరాక్’ (1897)లో కూడా ఒకడి కోసం మరొకడు చాటున నిలిచి ప్రేమ పలుకుతాడు. కాని అక్కడ మాటలు అరువిచ్చినవాడు ఆమెను తానే ప్రేమించాడు. అందుకే అది విషాదం. పక్కింటి కథలో పాట అరువిచ్చినవాడికి ఆమె మీద ఆశ లేదు. అతడు గొంతు ఇచ్చి, ఫలితం కోరకుండా తప్పుకుంటాడు. గాయకుడికి కోరిక లేకపోవడమే కథ సరదాగా సాగడానికి ఆధారం.

ఈ ఔదార్యాన్ని చరిత్ర కోణంలో చూస్తే దాని మరో ముఖం కనిపిస్తుంది. ‘పాషేర్ బాడి’ వచ్చిన 1952లోనే అమెరికాలో ‘సింగింగ్ ఇన్ ద రెయిన్’ విడుదలైంది. అందులో ఒక తారకు చాటున గొంతు అరువిచ్చిన యువతి ముందున్న తెరను అందరి ఎదుటా లాగి, పాడుతున్నది ఎవరో చూపిస్తారు. గొంతు యజమానికే ఘనత, కథానాయిక స్థానం దక్కుతాయి. మన కథలో గుట్టు బయటపడుతుంది, అమ్మాయి కోపగించుకుంటుంది, చివరికి క్షమిస్తుంది. ‘పడోసన్’లో ఆ క్షమకు ఒక దొంగ ఆత్మహత్య నాటకం కూడా కావలసి వచ్చింది. కాని ఆమె వరించేది పాట రానివాడినే. అక్కడ అరువు గొంతు అపవాదు. ఇక్కడ అది ఆచారం. ఆచారాన్ని వేళాకోళం చేయవచ్చు గాని కూలదోయనక్కరలేదని ఈ కథ తీర్పు చెప్పింది. నేపథ్య గాన వ్యవస్థపై భారతీయ చిత్రం తనకు తాను వేసుకున్న అతి తీక్ష్ణమైన ప్రశ్న, ఆ వ్యవస్థకే ఆమోదముద్రగా ముగిసింది.

8. ముగింపు

ప్రసిద్ధ గాయకుడు నటించిన సరదా సంగీతచిత్రం కేవలం పాటల మూట కాదు. విడిపోయిన గొంతును, దేహాన్ని కొద్దిసేపు ఒకచోట నిలిపి, ఆ విడిపోవడాన్నే నవ్వుగా మార్చిన ప్రక్రియ అది. భానుమతి ఆ విభజనకు లోబడక తన చిత్రాలు తాను నిర్మించుకున్నారు. కిశోర్ కుమార్ తేలికపాటి చిత్రాలలో విభజనను ఎగతాళి చేశారు. గంభీర గీతాల దగ్గర దానికి లోబడ్డారు. 1969లో ‘ఆరాధన’ విజయం తరువాత ఆయన ప్రధానంగా ఇతర నటుల గొంతుగానే స్థిరపడ్డారు. రాజా, బాలసుబ్రహ్మణ్యం తమ వృత్తినే పాత్రగా ధరించి తెరపైకి వచ్చారు. నాలుగు భాషలలో, మూడు దశాబ్దాలలో ఈ చిన్న కథ ఇన్నిసార్లు తిరిగి పుట్టడానికి కారణం, అది ప్రతి తరం శ్రోతకూ ఒకే సుఖాన్ని ఇవ్వగలగడం: తనకు తెలిసిన గొంతును తాను గుర్తుపట్టిన సుఖం.

తెలుగు సినిమా పాట చరిత్రను రాసేవారు కవిని, స్వరకర్తను, నటుణ్ణి పరిశీలించినంత శ్రద్ధగా గొంతుకు, ముఖానికి ఉన్న ఈ ఒప్పందాన్నీ పరిశీలించవలసి ఉంది. ఆ ఒప్పందపు పత్రాలు గంభీరచిత్రాలలో దొరకవు. అవి దానిని దాచడానికే శ్రమించాయి. కాలక్షేపమని పక్కన పెట్టిన హాస్యచిత్రాలలోనే అవి తెరచి ఉన్నాయి.